తాళానికి అంకె మేలా, మాట మేలా?

అలిపిరి దగ్గర నడకదారి పట్టే యాత్రికుడు తన సామానును కింద కౌంటరులో అప్పగించి, రసీదు జేబులో వేసుకుని, 3,550 మెట్లు ఎక్కి, కొండపైన ఆ సామానును మళ్లీ తీసుకుంటాడు. ఈ నడుమ గడిచే గంటల్లో ఆ సంచి ఎవరెవరి చేతుల మీదుగా వెళ్లిందో అతనికి తెలియదు. అంతసేపూ అతని తరఫున కాపలా ఉండేది జిప్పుకు వేలాడే చిన్న తాళం ఒక్కటే. తిరుపతి రైల్వే స్టేషన్‌లో సామాను భద్రపరిచే క్లోక్ రూములోనూ ఇదే తీరు. తాళం వేయని పెట్టెను రైల్వే నిబంధనల ప్రకారం అక్కడ తీసుకోరు కాబట్టి, అప్పటికప్పుడు బయటికి వెళ్లి తాళం కొనుక్కొచ్చేవాళ్లు రోజూ కనిపిస్తారు. మా చిత్తూరు జిల్లా పల్లెల్లో దీనిని ఇప్పటికీ 'బీగం' అనే అంటారు. ఈ వ్యాసంలో మాత్రం అందరికీ తెలిసిన 'తాళం' అన్న మాటనే వాడుతున్నాను.

తాళంచెవి పోగొట్టుకుంటామన్న భయంతో జనం అంకెల తాళానికి మారారు. అంకెలు మరచిపోతామన్న భయంతో ఇప్పుడు కొందరు అక్షరాల తాళం వైపు చూస్తున్నారు. అంకెలకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు చెక్కిన చక్రాలను తిప్పి, ఒక మాటను వరుసలోకి తెస్తే తెరుచుకునే తాళం అది. మాట గుర్తుంటుంది, సంఖ్య గుర్తుండదు అన్నది దానికి చెప్పే సమర్థన. మాట పెడితే తాళం మరింత గట్టిపడుతుందని కూడా కొందరు నమ్ముతారు. ఇవి రెండు వేర్వేరు విషయాలు. తాళం ఎంత గట్టిదన్న ప్రశ్నకూ, దాని రహస్యం ఎంతకాలం గుర్తుంటుందన్న ప్రశ్నకూ జవాబులు ఒకే దిక్కున ఉండవలసిన పని లేదు. ఈ రెంటినీ కలిపి మాట్లాడటం వల్లనే చిక్కంతా వస్తోంది.

మొదట గట్టిదనం లెక్క చూద్దాం. మూడు చక్రాల అంకెల తాళంలో ఒక్కో చక్రం మీద పది అంకెలుంటాయి కాబట్టి 000 నుంచి 999 దాకా సరిగ్గా వెయ్యి అమరికలు సాధ్యం. సెకనుకు ఒకటి చొప్పున వరుసగా ప్రయత్నించే ఓపిక ఉన్నవాడికి అన్నీ చూడటానికి పట్టేది 16 నిమిషాల 40 సెకన్లు, సగటున అందులో సగం. నాలుగు చక్రాలైతే అమరికలు పదివేలవుతాయి, అన్నీ చూడటానికి దాదాపు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. ఇక అక్షరాల తాళం మాటకొస్తే, ఇంగ్లిష్‌లో 26 అక్షరాలున్నాయి కాబట్టి ఒక్కో చక్రానికీ 26 అవకాశాలుంటాయని కొనేవాడు అనుకుంటాడు. నాలుగు చక్రాల మీద 26 అక్షరాలూ నిజంగా ఉంటే అమరికలు నాలుగున్నర లక్షలు దాటేవి. కానీ అంత చిన్న చక్రం మీద అన్ని అక్షరాలు పట్టవు. పట్టించినా వేలితో తిప్పి సరిగా నిలపడం కష్టం. అందుకే సాధారణంగా దొరికే అక్షరాల తాళాల్లో ఒక్కో చక్రం మీద ఉండేది పది అక్షరాలే. అంటే నాలుగు చక్రాల అక్షరాల తాళానికీ, నాలుగు చక్రాల అంకెల తాళానికీ లోపలి యంత్రం ఒకటే, లెక్క కూడా ఒకటే, పదివేలు. మారింది పైన చెక్కిన గుర్తులు మాత్రమే.

ఇంకొంచెం తరచి చూస్తే అక్షరాల తాళం ఇక్కడ ఒక మెట్టు దిగుతుంది. పదివేల అమరికల్లో అర్థమున్న మాటలు కొన్నే ఉంటాయి, మిగిలినవన్నీ పలకడానికి కూడా రాని అక్షరాల గుంపులు. మాట కోసమే ఆ తాళం కొన్నవాడు అర్థం లేని గుంపును ఎంచుకోడు కదా. లెక్క కోసం అర్థమున్న మాటలు వెయ్యి అనుకుందాం. ఆ సంగతి తెలిసిన దొంగకు నాలుగు చక్రాల తాళం మూడు చక్రాల తాళంతో సమానమైపోతుంది.

అయితే వాదన ఇక్కడితో ఆగితే అంకెల వైపు అన్యాయంగా మొగ్గినట్టవుతుంది. అంకెలు పెట్టుకునేవాళ్లు కూడా పదివేలలోంచి కళ్లు మూసుకుని ఒకటి తీసుకోరు. 2012లో నిక్ బెరీ అనే డేటా విశ్లేషకుడు, అంతకుముందు రకరకాలుగా బయటపడిన 34 లక్షల నాలుగంకెల రహస్య సంఖ్యలను పరిశీలిస్తే, వాటిలో దాదాపు 11 శాతం ఒక్క 1234యే. ఆ తరువాతి స్థానం 1111ది. పుట్టిన తేదీని రోజు, నెల వరుసలో పెట్టుకునేవాడు పదివేలను 366కు కుదించుకుంటున్నాడు. పుట్టిన సంవత్సరం పెట్టుకునేవాడి దగ్గర మహా అయితే డెబ్భై ఎనభై మిగులుతాయి. ఆ లెక్కన వెయ్యి మాటల్లోంచి ఒకటి ఎంచుకున్నవాడే నయం. తాళం తట్టుకోగల అమరికల సంఖ్య ఒకటి, మనిషి నిజంగా ఎంచుకునే అమరికల సంఖ్య మరొకటి. దుకాణంలో డబ్బా మీద అచ్చువేసేది మొదటిది, దొంగకు పనికొచ్చేది రెండవది.

ఈ రెండవ సంఖ్య ఊరును బట్టి కూడా మారుతుంది. ఏడుకొండల కింద మూడు చక్రాల తాళం చేతికిచ్చి ఒక సంఖ్య పెట్టుకోమంటే మనసుకు మొదట తట్టేది 777. నాలుగు చక్రాలైతే మరో ఏడు చేరుతుంది. ఆ తరువాత మోటారు బండి నంబరు, పెళ్లిరోజు, పిల్లల పుట్టినరోజులు. అక్షరాల తాళం ఇచ్చి ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక మాట పెట్టుకోమన్నా పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఉండదు. కొండకు వచ్చినవాడి నోట ఉండే నామాలు పట్టుమని పది ఉంటాయి, అవన్నీ క్యూలో ముందున్నవాడికీ వెనుకున్నవాడికీ ఒకటే. భక్తికి అది శోభ. రహస్యానికి మాత్రం ఏమాత్రం పనికిరాదు.

మరి మాట గుర్తుంటుందన్న వాదన సంగతేమిటి? మూడంకెలను గుర్తుపెట్టుకోలేని మనిషి ఉండడు. మనిషి ఒక్కసారి విని వెంటనే తిరిగి చెప్పగలిగే అంశాలు ఏడు, అటూ ఇటూ రెండు అని మనోవైజ్ఞానికుడు జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసం చాలామందికి తెలిసిందే. మూడు, నాలుగు అంకెలు దానికి లోబడినవే. ప్రయాణపు తాళం విషయంలో కష్టం వెంటనే తిరిగి చెప్పడంలో ఉండదు, ఏడాది తరువాత చెప్పడంలో ఉంటుంది. ఏటీఎం కార్డు రహస్య సంఖ్య వారానికోసారైనా వేళ్లకు పని చెబుతుంది కాబట్టి నిలుస్తుంది. పెట్టె తాళం సంఖ్యను ఏడాదికొకసారి తిరుమల యాత్రకో పెళ్లికో వాడి, పదకొండు నెలలు అటక మీద పడేస్తాం. ఆపైన ఆ సంఖ్యకు పట్టుకొమ్మ ఏదీ లేదు. 482కూ 428కీ మధ్య తేడాను మనసు ఏ బొమ్మతోనూ ముడిపెట్టలేదు. మాట అలా కాదు. దానికి అర్థం ఉంటుంది, ధ్వని ఉంటుంది, వెనుక ఒక ముఖమో ఊరో రుచో ఉంటుంది. ఒక తీగ తెగినా మరో తీగ పట్టుకుని దాని దగ్గరికి చేరుకోవచ్చు. కాబట్టి ఈ అంశంలో అక్షరాల తాళం అమ్మేవాడు చెప్పేది నిజమే.

కాకపోతే ఆ నిజం ఇంగ్లిష్ మాటలను ఇంగ్లిష్‌గానే ఆలోచించేవాడికి పూర్తిగా వర్తిస్తుంది, తెలుగువాడికి సగమే వర్తిస్తుంది. అక్షరాల తాళంలో చక్రాల మీది పది అక్షరాలను ఇంగ్లిష్ మాటల పోకడను బట్టి ఎంచుతారు. మాట మొదట తరచుగా వచ్చే హల్లులు మొదటి చక్రానికి, అచ్చులు ఎక్కువగా రెండవ, మూడవ చక్రాలకు, మాట చివర వచ్చేవి చివరి చక్రానికి పంచుతారు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్ మాటల చివర 'యు' అక్షరం రావడం అరుదు కాబట్టి 'చెరువు', 'పాలు' వంటి మన ఉకారాంత పదాలకు ఆఖరి చక్రం సహకరించకపోవచ్చు. కొన్న తరువాత మనసులోని మాట ఆ చక్రాల మీద కుదరదని తెలిసి, ఏదో ఒక ఇంగ్లిష్ మాటతో సరిపెట్టుకుంటే, పట్టుకొమ్మ కోసం డబ్బు పెట్టి పట్టుకొమ్మ లేనిదాన్నే తెచ్చుకున్నట్టు.

అంతకన్నా పెద్ద ఇబ్బంది వర్ణక్రమంలో ఉంది. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి అందరూ పాటించే పద్ధతి ఒకటి లేదు. 'లక్ష్మి'ని 'ఎక్స్' వేసి రాసేవాళ్లున్నారు, 'కెఎస్‌హెచ్' వేసి రాసేవాళ్లున్నారు. 'శీను'లో దీర్ఘానికి కొందరు రెండు 'ఇ'లు వేస్తారు, కొందరు ఒక్క 'ఐ'తో ముగిస్తారు. 'తిరుపతి' అన్న పేరునే మనం రాసినట్టు తమిళులు రాయరు. వాళ్లు 'త'కు 'హెచ్' చేర్చడం అలవాటు, మనలోనూ కొందరు చివరి 'తి'కి మాత్రం చేరుస్తారు. ఏడాది తరువాత పెట్టెను ముందు పెట్టుకున్నవాడికి మాట చక్కగా గుర్తుంటుంది. ఆ రోజు ఏ వర్ణక్రమంతో పెట్టాడన్నదే గుర్తుండదు. మా ఇంట్లో ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. మాట మా అమ్మమ్మ పేరని ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆ పేరును ఎన్ని రకాలుగా రాయవచ్చో ఆ సాయంత్రమే తెలిసింది. చివరికి కొక్కెం కోయించవలసి వచ్చింది.

అలాంటప్పుడు చక్రాల మీద తెలుగు అక్షరాలే చెక్కితే పోలేదా అనిపించడం సహజం. నేను తిరిగిన దుకాణాల్లో అటువంటిది కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంగ్లిష్‌లో చక్రానికి ఒక అక్షరం పెడితే అది అక్షరమే. తెలుగులో చక్రానికి పెట్టవలసింది గుణింతంతో సహా నిండు అక్షరం. 'క' వేరు, 'కి' వేరు, 'కు' వేరు. ముప్పై పైచిలుకు హల్లులకు పన్నెండు పదమూడు గుణింతపు రూపాలు లెక్కేసినా నాలుగువందలు దాటుతాయి, వాటిపైన ఒత్తులు. అందులోంచి చక్రానికి పది ఎంచాలి. చివరి చక్రానికి 'డు, లు, రు, వు, ము, ను' వంటివి వేస్తే బోలెడన్ని మాటలు ముగుస్తాయి కాని, మొదటి చక్రానికి పదింటిని ఎంచడం పండితులు కూర్చున్నా తెగని పని. పైగా తలకట్టు, కొమ్ము, గుడి వంటి చిన్న గుర్తులు అంత సన్నని చక్రం మీద అరిగిపోతే 'గుడి' 'గడి' అవుతుంది. కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చిన పెద్దాయన చేతిలో అది తాళం కాదు, పరీక్ష.

అక్షరాల తాళం ఆలోచన కొత్తదేమీ కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1206లో పూర్తయిన తన యంత్ర గ్రంథంలో అల్-జజరీ అనే శిల్పి, పెట్టెకు బిగించే అక్షరాల తాళాన్ని వర్ణించాడు. 17వ శతాబ్దపు తొలినాళ్ల ఇంగ్లిష్ నాటకం ఒకదానిలో బట్టలూ వెండి సామానూ పెట్టుకునే ప్రయాణపు పెట్టె ప్రస్తావన వస్తుంది. దాని వింత తాళం 'ఆమెన్' అన్న మాటతో తెరుచుకుంటుంది. అంటే ప్రయాణపు పెట్టెకు మాటల తాళం వేయడమూ, ఆ మాటగా అందరి నోటా ఉండే ప్రార్థన మాటను ఎంచడమూ నాలుగు వందల ఏళ్ల కిందటి అలవాట్లే. తిరుపతిలో 'గోవింద' పెట్టుకునేవాడికి లండన్‌లో తోడున్నాడు. ఇటీవలి అక్షరాల తాళానికి పేరు తెచ్చింది అమెరికాలో టాడ్ బాషే రూపొందించిన 'వర్డ్‌లాక్'. స్టేపుల్స్ అనే కార్యాలయ సామగ్రి దుకాణాల సంస్థ 2000 దశకంలో నిర్వహించిన ఆవిష్కరణల పోటీలో అది నెగ్గింది.

మాట గుర్తుంటుంది, కాని మన మాట ఇంగ్లిష్ చక్రంలో ఒదగదు. అంకె ప్రతి చక్రం మీదా ఉంటుంది, కాని గుర్తుండదు. ఈ రెంటినీ కలిపే ఉపాయం మన సంప్రదాయంలో ఎప్పటినుంచో ఉంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకు అది సుపరిచితం. మాటను మనసులో ఉంచుకుని, దాన్ని అంకెలుగా మార్చే కటపయాది పద్ధతి అది. తాళం మాత్రం మామూలు అంకెల తాళమే.

కటపయాదిలో హల్లులకు విలువలు వరుసగా వస్తాయి. 'క' నుంచి 'ఝ' దాకా 1 నుంచి 9, 'ఞ' సున్న. 'ట' నుంచి 'ధ' దాకా మళ్లీ 1 నుంచి 9, 'న' సున్న. 'ప ఫ బ భ మ' 1 నుంచి 5. 'య ర ల వ శ ష స హ' 1 నుంచి 8, 'ళ' 9. క, ట, ప, య అనే నాలుగూ ఒకటితో మొదలవుతాయి కాబట్టే ఆ పేరు. హల్లు లేకుండా ఒంటరిగా వచ్చిన అచ్చు సున్న. గుణింతానికి విలువ లేదు, అనుస్వారానికీ లేదు. అంటే 'క', 'కి', 'కూ' అన్నీ ఒకటే. తెలుగు అక్షరాల చక్రానికి అడ్డుపడిన గుణింతాల రద్దీ ఈ ఒక్క నియమంతో తొలగిపోతుంది. ఇంగ్లిష్ వర్ణక్రమపు గొడవ కూడా లేదు, ఎందుకంటే తెలుగులో రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం.

ఈ పద్ధతి పనితీరును కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన మేళకర్తల పేర్లలో చూడవచ్చు. పేరులోని మొదటి రెండు అక్షరాలను అంకెలుగా మార్చి తిప్పి చదివితే రాగం వరుస సంఖ్య వస్తుంది. 'ధీరశంకరాభరణం'లో 'ధ' 9, 'ర' 2, తిప్పితే 29. 'మేచకల్యాణి'లో 'మ' 5, 'చ' 6, తిప్పితే 65. 'మాయామాళవగౌళ' 15. మహాభారతానికి 'జయ' అన్న పేరుంది కదా, 'జ' 8, 'య' 1, తిప్పితే 18, పర్వాల సంఖ్య. ఇలా కుడినుంచి ఎడమకు చదవడానికి 'అంకానాం వామతో గతిః' అన్న సూత్రం ఆధారం. ఇంకా పెద్ద ఉదాహరణ కేరళలో ఉంది. 16వ శతాబ్దంలో మేల్పత్తూరు నారాయణ భట్టతిరి తన 'నారాయణీయం' చివర 'ఆయురారోగ్యసౌఖ్యం' అన్న మాట పెట్టాడు. దాన్ని ఇలాగే విప్పితే 1712210 వస్తుంది. కలియుగారంభం నుంచి ఆ కావ్యం పూర్తయిన రోజుదాకా గడిచిన దినాల లెక్క అది. ఏడంకెలను ఒక ఆశీర్వచనంలో దాచిన పద్ధతికి పెట్టె తాళపు మూడు నాలుగంకెలు బరువు కావు.

మన ప్రాంతపు మాటలతో చేసి చూద్దాం. 'పులిహోర': 1, 3, 8, 2. 'తోతాపురి': 6, 6, 1, 2. 'మామిడి': 5, 5, 3, మూడు చక్రాల తాళానికి సరిపోతుంది. 'రేణిగుంట': 2, 5, 3, 1. 'కాణిపాకం': 1, 5, 1, 1. 'కాళహస్తి' చేస్తే ఒక తమాషా జరుగుతుంది. 'క' 1, 'ళ' 9, 'హ' 8, 'స్తి'లో 'త' 6, వెరసి 1986. చూసేవాడికి అది అచ్చం ఎవరిదో పుట్టిన సంవత్సరంలా ఉంటుంది. నిజానికి అందులోనే దాని లోపం ఉంది, పుట్టిన సంవత్సరాలను వరుసగా ప్రయత్నించే దొంగకు అది కూడా దొరుకుతుంది. తాళానికి సంప్రదాయ పద్ధతిలో తిప్పి చదవాలా, నేరుగా చదవాలా అన్నది ఎవరిష్టం వారిది. కాని ఒకసారి నిర్ణయించుకున్నాక ఇంట్లో అన్ని తాళాలకూ అదే పాటించాలి, లేకుంటే వర్ణక్రమపు గొడవ మరో రూపంలో తిరిగొస్తుంది.

జాగ్రత్త పడవలసిన చోట్లు ఇంకా రెండున్నాయి. ఒకటి సంయుక్తాక్షరం. సాధారణ నియమం ప్రకారం ఒత్తుగా వచ్చిన చివరి హల్లుకే విలువ కట్టాలి. మరి 16వ మేళకర్త 'చక్రవాకం' పేరులో 'చ' 6, 'క్ర'లో చివరిదైన 'ర' 2 అనుకుంటే 26 వస్తుంది. అది 'చారుకేశి' సంఖ్య. 16 రావాలంటే 'క'నే లెక్కలోకి తీసుకోవాలి. 48వదైన 'దివ్యమణి'లోనూ ఇలాగే 'వ్య'లో 'వ'ను తీసుకుంటారు. రాగాల పట్టికలోనే ఇటువంటి మినహాయింపులున్నప్పుడు, 'చంద్రగిరి' పెట్టుకున్నవాడు 6232 పెట్టాడో 6832 పెట్టాడో ఏడాది తరువాత తేల్చుకోలేకపోవచ్చు. కాళహస్తిలోనూ ఆ సందేహం ఉండనే ఉంది. ద్విత్వమైతే ఫరవాలేదు, 'చిత్తూరు'లో 'త్తూ' ఎటు చూసినా 6. సంయుక్తాక్షరం ఉన్న మాట జోలికి పోకపోవడం తేలిక.

రెండవది అంకెల పంపకం. తెలుగులో ర, ల, న, డ, క, ప, త, మ, వ వంటి హల్లులు విరివిగా వస్తాయి, ఝ, ధ, ఛ, థ వంటివి తక్కువ. అందువల్ల కటపయాదితో తయారైన సంఖ్యల్లో 1, 2, 3, 0 తరచుగా, 7, 9 అరుదుగా కనబడతాయి. ఊరి పేర్లలో ఇది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. చిత్తూరు 662, పీలేరు 132, పుంగనూరు 1302, పలమనేరు 13502. 'ఊరు' అని ముగిసే ప్రతి పేరుకూ, ఏటి పక్కన వెలసిన ప్రతి 'ఏరు'కూ చివరి చక్రం 2 దగ్గరే ఆగుతుంది. ఆ సంగతి ఊహించిన దొంగకు నాలుగు చక్రాల తాళంలో ఒక చక్రం ఊరికే దక్కినట్టే. అందుకని 'రు'తో ముగియని మాటను, అందులోనూ స, ళ, ధ వంటి హల్లు ఒకటైనా ఉన్నదాన్ని తీసుకోవడం మంచిది. 'ధనియాలు' అన్న సామాన్యమైన వంటింటి మాట 9013 అవుతుంది. దాన్ని ఎవరూ పుట్టినరోజుల్లోంచి ఊహించలేరు.

ఈ పద్ధతి అందరికీ తెలిసిపోతే రహస్యం ఏం మిగులుతుందన్న అభ్యంతరం రావచ్చు. రహస్యం పద్ధతిలో ఉండకూడదు, తాళంచెవిలో మాత్రమే ఉండాలి అన్న సూత్రాన్ని 1883లో ఆగుస్ట్ కెర్క్‌హాఫ్స్ సైనిక సంకేత లిపుల గురించి రాస్తూ చెప్పాడు. కటపయాది శతాబ్దాలుగా బహిరంగం. 'ధనియాలు' అన్న ఎంపిక మాత్రం ఇంటిగుట్టు.

తాళం ఎలా తెరుచుకుంటుందో తెలిస్తే ఈ చర్చ పరిమితి కూడా తెలుస్తుంది. ప్రతి చక్రం లోపలా ఒకచోట గాడి ఉంటుంది. అన్ని గాడులూ ఒకే వరుసలోకి వచ్చినప్పుడు కొక్కెపు కాడ మీది మొనలు వాటిగుండా జారి బయటికి వస్తాయి. చవక తాళాల్లో ఈ భాగాలు వదులుగా ఉంటాయి కాబట్టి, కొక్కేన్ని పైకి లాగిపట్టి చక్రాలను ఒక్కొక్కటిగా తిప్పితే గాడి దగ్గర చేతికి చిన్న తేడా తగులుతుంది. ఆ విద్య తెలిసినవాడికి పైన అంకె చెక్కారా, అక్షరం చెక్కారా, అది పుట్టినరోజా, పులిహోరా అన్నదానితో పనే లేదు. అసలు తాళం జోలికే పోనక్కరలేదు కూడా. బట్ట సంచుల జిప్పు పళ్ల మధ్య బాల్‌పెన్ను మొన గుచ్చితే జిప్పు విడిపోతుంది. పని ముగించుకుని, తాళంతో కట్టి ఉన్న జారుడు ముక్కలను అటూ ఇటూ జరిపితే మళ్లీ మూసుకుంటుంది. తాళం మాత్రం పొద్దున వేసింది వేసినట్టే ఉంటుంది.

రేణిగుంట విమానాశ్రయం మీదుగా విదేశాలకు వెళ్లివచ్చే కుటుంబాల పెట్టెలకు మరో సందేహం ఉంటుంది. కొన్ని సూట్‌కేసుల తాళం మీద అంకెల చక్రాల పక్కనే ఎర్రని వజ్రాకారపు గుర్తు, ఒక చెవి రంధ్రం ఉంటాయి. చెవి మాత్రం డబ్బాలో ఎక్కడా ఉండదు. దుకాణదారు ఇవ్వడం మరచిపోయాడని గొడవపడినవాళ్లను చూశాను. ఆ రంధ్రం కొన్నవాళ్ల కోసం పెట్టింది కాదు. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ సిబ్బంది పెట్టెను పగలగొట్టకుండా తెరవడానికి 2003 నుంచి అమల్లోకి వచ్చిన ఏర్పాటు అది, దాని చెవులు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆ చెవుల ఫొటో ఒకటి 2014లో అమెరికా పత్రికలో అచ్చయింది, మరుసటి ఏడాది ఆ ఫొటోల ఆధారంగా త్రీడీ ప్రింటరుతో నకళ్లు తయారుచేసే నమూనాలు ఇంటర్‌నెట్‌లోకి వచ్చాయి. అటువంటి పెట్టెలో నగలు పెట్టి ఎంత చక్కని మాట ఎంచుకున్నా ప్రయోజనం స్వల్పమే. నగలు చేతిసంచిలో ఉండాలి. పెట్టె తాళం చేసే పని, రద్దీలో చేయి చాపేవాడిని పక్క పెట్టె చూసుకోమనడం, దారిలో జిప్పు దానంతట అది తెరుచుకోకుండా ఆపడం.

ఆ పరిమితమైన పనికైనా తాళాన్ని సరిగా వేయాలి. చాలామంది తాళం వేశాక ఒకే ఒక్క చక్రాన్ని, అదీ ఒక అంకె మేరకే, పక్కకు తిప్పి వదిలేస్తారు, మళ్లీ తెరవడం తేలికని. మూడు చక్రాలనూ చెదరగొట్టని తాళానికి వెయ్యి అమరికల బలం లేదు. ఒక్కో చక్రాన్ని అటొకటి ఇటొకటి కదిపి చూస్తే ఆరు ప్రయత్నాల్లో తెరుచుకుంటుంది. ఇక దుకాణం నుంచి వచ్చిన 000ను మార్చేటప్పుడు జరిగే ప్రమాదం వేరు. పక్కనున్న చిన్న మీటను పెన్ను మొనతో నొక్కి, చక్రాలను కొత్త సంఖ్యకు తిప్పి, మీటను వదలాలి. మీట పూర్తిగా వెనక్కి రాకుండా ఇరుక్కుంటే, ఆ తరువాత తెలియక తిప్పిన ప్రతిసారీ సంఖ్య మారిపోతూ ఉంటుంది. అందుకే కొత్త సంఖ్య పెట్టగానే, పెట్టె ఇంకా ఖాళీగా, మూత తెరిచి ఉండగానే రెండు మూడుసార్లు వేసి తీసి చూసుకోవాలి. తీరా తెరుచుకోకపోతే పెట్టిన సంఖ్యకు ఒక్కో చక్రాన్నీ ఒక అంకె అటూ ఇటూ జరిపి చూస్తే తరచుగా దొరుకుతుంది.

మాటను ఎంచుకున్నాక ప్రయాణంలో కనీసం ఇంకొకరికి చెప్పి ఉంచాలి. అలిపిరిలో సామాను ఇచ్చినవాడు మోకాళ్ల నొప్పితో గాలిగోపురం దగ్గర కూర్చుండిపోయి, ముందు నడిచిన కోడలు పైన పెట్టె తీసుకుని అత్తగారి మందులు వెదకవలసి రావచ్చు. ఫోనులో 'తాళం నంబరు ఎంత?' అని అడిగితే పక్కవాళ్లు వింటుండగా నాలుగంకెలు అరవవలసి వస్తుంది. 'మన వంటింటి మాట' అంటే చాలు, కోడలు వేళ్ల మీద లెక్కేసుకుని 9013 తిప్పుకుంటుంది.